ఎగతాళి అయితే నవ్వేవాణ్ణి

గౌలిపుర,
11 జూన్ 1978.

జల్‌పల్లిలో కొత్త ఇల్లు కట్టుకున్న శ్రీ బాబురావు గారికి,

గౌలిపుర పాల దుర్గయ్య రాయిస్తున్న ఉత్తరం. మీ గృహప్రవేశం నాడు మీ వాకిట్లోనే నిలబడి, ఇకమీదట మీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. నోటితో మాట్లాడనన్నాను గాని ఉత్తరం రాయనని అనలేదు. నేను చదివింది ఉర్దూ మీడియం, అదీ ఏడో తరగతి దాకా. తెలుగు కూడబలుక్కుంటేనే వస్తుంది. అందుకని మా గల్లీలో ఉండే రిటైరైన తెలుగు పంతులు వేణుగోపాల్ గారి చేత రాయిస్తున్నాను. నేను చెప్పిన మాటను ఆయన పుస్తకం భాషలో పెడతారు.

జరిగింది మీకు తెలుసు. అయినా మొదటినుంచి చెప్తేనే ఉత్తరానికి అందమని పంతులు గారు అంటున్నారు. ఆ పొద్దున ఆవునూ దూడనూ గౌలిపుర నుంచి జల్‌పల్లి దాకా నడిపించుకొచ్చింది నేను. కొత్త సిమెంటు గచ్చు చూసి ఆవు గడప దగ్గర మొరాయిస్తే, దాని మెడ నిమిరి, చెవిలో నాలుగు మాటలు చెప్పి లోపలికి తెచ్చింది నేను. మీ పొయ్యి మీద పొంగినవి మా ఇంటి పాలు. మీ ఆఫీసు సూపరింటెండెంటు రఘునాథ్ గారు కుర్చీలో కూర్చుని ఇదంతా చూసి, "ఎవరోయ్ ఈయన, ఆవుతో బాగా మాట్లాడుతున్నాడు?" అని అడిగారు. మీరు నా వైపు చూడకుండా, "పాలు తెచ్చిండు సార్" అన్నారు. అని, సారుకు విసనకర్ర విసరడం మొదలుపెట్టారు.

మా బామ్మర్ది అన్న మాట మీ నోట్లోంచి రాలేదు. నేను మీ భార్య చంద్రమ్మకు సొంత తమ్ముణ్ణి. ఆ సంగతి ఆవుకు కూడా తెలుసు.

నలుగురిలో నన్ను ఎగతాళి చేశారని రాయమన్నాను. పంతులు గారు కలం కింద పెట్టారు. (ఇది నా మాట. ఎగతాళిలో నవ్వు ఉండాలి. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. కనుక ఆ మాట నేను రాయను. సరైన మాట ఏదో ఆలోచించి వచ్చే ఉత్తరంలో తెలియజేస్తాము. – వేణుగోపాల్)

పేరు దొరికినా దొరకకపోయినా నా షరతు ఒకటే. మీ బిడ్డ రాజమణి పుట్టువెంట్రుకలు తీయాలంటే మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి, మొదటి కత్తెర మేనమామ వేయాలి. కార్తీకంలో దానికి మూడేళ్ళు నిండుతాయి, ఆ లోపల అయిపోవాలి. పాలు తెచ్చినవాడి ఒడిలో బిడ్డను కూర్చోబెట్టే ఆచారం ఏ ఇంట్లోనూ లేదు. నేను ఎవరినో ఆ సారు ముందర చెప్పండి. అప్పుడు వస్తాను.

ఇట్లు,
దుర్గయ్య


జల్‌పల్లి,
25 జూన్ 1978.

బామ్మర్దీ,

నీ ఉత్తరం అందింది. నన్ను "మీరు" అన్నావు, "గారు" అన్నావు. మీ అక్కను చేసుకుని పదకొండేళ్ళయింది, ఇంత పెద్ద తిట్టు నువ్వు నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

విషయానికి వస్తాను. పాలు తెచ్చిండు అన్నాను. నువ్వు పాలు తేలేదా? క్యాను నిండా తెచ్చావు. ఉన్నమాట అంటే ఒట్టు పెట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను.

ఒకసారి గుర్తు చేసుకో. నా పెళ్ళిలో రెండు వందల మంది ముందు, మా బామ్మర్ది మూడేళ్ళదాకా దూడతో పాటు కొట్టంలోనే పెరిగిండు, ఇప్పటికీ పిలిస్తే ముందు చెవులు కదిలిస్తడు అన్నాను. నువ్వు నవ్వి నవ్వి పందిరి గుంజ పట్టుకున్నావు. నీ పెళ్ళిలో సక్కుబాయి పుట్టింటి వాళ్ళతో, వీనికి ఉగ్గు బదులు కుడితి పోసినరు, అందుకే గింత బలం అన్నాను. మీ అత్తగారు వంటింట్లోకి వెళ్ళి నవ్వింది. బావకు బామ్మర్దిని అనే హక్కుంది, పడే హక్కు బామ్మర్దికుంది. ఇన్నేళ్ళూ అంతంత మాటలు పడ్డవాడివి, ఇప్పుడు రెండు ముక్కలకు ఇంత లొల్లి చేస్తున్నావు.

ఇక ఇక్కడి సంగతి. మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఒట్టు పెట్టుకున్నది నువ్వు, పాటిస్తున్నది ఆమె. కంచం పెడుతుంది, కంచంతోనే మాట్లాడుతుంది. "అన్నం పెట్టిన అని చెప్పవే, నీకు గా మనిషి కనిపిస్తున్నడా?" అని రాజమణితో అంటుంది. పిల్లకు ఇంకా మూడేళ్ళు నిండలేదు, ఇంట్లో రాయబారం దానిదే.

సారు ముందర చెప్పమంటున్నావు. ఆఫీసులో ఫైలు పట్టుకుని నిలబడి, సార్, ఫలానా నెలలో పాలు తెచ్చిన మనిషి మా బామ్మర్ది అని ఎట్లా చెప్పను? అదంతా కుదరదు. పంతులు గారిని కొంచెం దూరం పెట్టు. ఆయనకు రిటైరయ్యాక పని లేదు, నీ ఉత్తరం దొరికింది.

నీ బావ,
బాబురావు


గౌలిపుర,
8 ఆగస్టు 1978.

బాబురావు గారికి,

బోనాలకు అక్క వచ్చింది. రాజమణినీ తెచ్చింది. మీరు గల్లీ మొగదల దాకా వచ్చి, పాన్ డబ్బా దగ్గర నిలబడి వెనక్కి వెళ్ళారని చాలామంది చెప్పారు. నేనూ చూశాను. గడప దగ్గరే ఉన్నాను. మీరు ఇంకో పది అడుగులు వేస్తే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. వెళ్ళిపోయారు.

మీ ఉత్తరం పంతులు గారి చేత చదివించుకున్నాను. కొట్టం దగ్గరకు రాగానే ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం నవ్వు ఆపుకుని పనిలోకి దిగాం.

పంతులు గారు చెప్పేది ఇది. ఎగతాళి చేసేవాడు మన ముఖం చూస్తాడు. మనం నవ్వుతామా లేదా అని చూస్తాడు. నవ్వితే వాడికి సంతోషం, నవ్వకపోతే కొంచెం భయం. అంటే మనం వాడికి లెక్కలో ఉన్నట్టే. వెటకారం కొంచెం వేరు. పైకి పొగిడినట్టుంటుంది, లోపల ముల్లుంటుంది. ఆయన అన్నగారు ఆయనను నలభై ఏళ్ళుగా "మహాకవీ" అని పిలుస్తున్నారట, అది వెటకారం. (ఇక్కడ నా కుటుంబ విషయం రాయమని నేను చెప్పలేదు. దుర్గయ్య రాయమన్నాడు. – వే.) దెప్పిపొడవడం అంటే చేసిన మేలునో చేసిన తప్పునో పదేపదే తవ్వి చూపడం. మీరు అదీ చేయలేదు.

మీరు చేసింది నన్ను చూడకపోవడం. నన్ను పెళ్ళిలో దూడ అన్నప్పుడు నా భుజం మీద చేయి వేసుకుని అన్నారు. వీడు నావాడు కాబట్టి అంటున్నాను అని రెండు వందల మందికీ తెలిసేట్టు అన్నారు. ఆ రోజు వాకిట్లో నాకూ మీకూ మధ్య నాలుగు అడుగులు లేవు, మీరు మాత్రం సారు చెప్పుల వైపు చూస్తూ మాట్లాడారు. ఎగతాళి అయితే నవ్వేవాణ్ణి. దీనికి నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఆవును తోలుకుని తిరిగి నడుస్తుంటే చాంద్రాయణగుట్ట దగ్గర కాళ్ళు నొప్పి పెట్టాయి, అంతకుముందు తెలియలేదు.

పంతులు గారు దీన్ని చులకన అంటున్నారు. ఒక మనిషి బరువు ఇంత అని తెలిసి కూడా తక్కువ తూకం వేయడమట. పాలవాణ్ణి కాబట్టి తక్కువ కొలత అంటే ఏమిటో నాకు వేరే చెప్పనక్కరలేదు.

షరతు మారలేదు. రాజమణి బోనాల నాడు రెండు గంటలు నా భుజం మీదే ఉంది. "మామా, కత్తెర ఏదీ?" అని అడిగింది. దానికి ఎవరు నేర్పారో తెలియదు. అక్కే అయి ఉంటుంది.

దుర్గయ్య


జల్‌పల్లి,
17 సెప్టెంబరు 1978.

దుర్గయ్యా,

చులకన, వెటకారం, దెప్పిపొడుపు. బాగుంది. నేను కూడా ఆఫీసు లైబ్రరీ నుంచి నిఘంటువు తెచ్చుకున్నాను. నువ్వు నన్ను చేస్తున్నదానికీ పేరుంది. సాధింపు. ముందు పేజీలు చిరిగిపోయి "న" నుంచే మిగిలిన పుస్తకంలో కూడా అది దొరికింది.

నీతో పోట్లాడే ఓపిక లేదు ఇప్పుడు. ఇక్కడ వేరే కష్టం వచ్చి పడింది. రాజమణి తలలో పేలు పడ్డాయి. మామ కత్తెర పడకుండా ఒక్క వెంట్రుక తెగడానికి వీల్లేదని మీ అక్క పట్టు. పుట్టిన నాటి జుట్టు, దువ్వెన దిగదు, నూనె అంటదు. పిల్ల రోజూ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతుంది. దాని తలలోవి నా తలలోకి వచ్చాయి. ఆఫీసులో డ్రాఫ్టు రాస్తూ గోక్కుంటున్నాను. ఒకటి నోట్ షీటు మీద పడి, సారు సంతకం చేసే చోటు దాకా నడిచింది. దాన్ని బొటనవేలితో ఏం చేశానో, ఆ మరకను ఏ సిరాతో కప్పానో నాకే తెలుసు.

ఇక తట్టుకోలేక మొన్న ఆదివారం గుండు చేయించుకున్నాను. మీసం కూడా తీయమన్నాను, అనుమానం వచ్చి.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. గదిలోకి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. గుండు చూసి, మీసం లేకపోవడం చూసి, మా ఇంట్లో పెద్దవాళ్ళెవరో పోయారనుకున్నారు. నా పక్క సీటు ఇశ్రాయేలు నా చేయి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పోయినవారి ఆత్మ కోసం ఐదు నిమిషాలు ప్రార్థన చేశాడు. నడిమిలో ఆపి, ప్రభువా, ఇవి పేలు అని ఎట్లా చెప్పను? టైపిస్టు కళావతి గారు కళ్ళు తుడుచుకున్నారు. రఘునాథ్ సారు పిలిచి, ఇలాంటప్పుడు ఆఫీసుకు ఎందుకొచ్చావోయ్, పది రోజులు ఇంట్లో ఉండు అని సెలవు మంజూరు చేశారు.

నేను అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. తల వంచుకుని నిలబడ్డాను, అది ఇంకా బాధ లాగే కనిపించింది.

కార్తీకం దగ్గరికొచ్చింది. నువ్వు వచ్చి కత్తెర వేస్తే ఇల్లంతా బాగుపడుతుంది. మళ్ళీ అడుగుతున్నాను, సారు సంగతి వదిలెయ్యి.

బాబురావు


గౌలిపుర,
26 సెప్టెంబరు 1978.

బాబురావు గారికి,

సీతాఫలం గింజల పొడి పంపుతున్నాను. కొబ్బరినూనెలో కలిపి పిల్ల తలకు రాసి, గుడ్డ కట్టి, గంట ఆగి కడగమని అక్కకు చెప్పండి. కంట్లో పడనీయొద్దు, కళ్ళు పోతాయి. పొడి సక్కుబాయి కొట్టింది. మూడుసార్లు జల్లించింది.

మీ ఉత్తరం చదివి పంతులు గారు మంచం మీద పడుకుని నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే ఒట్టు తప్పినట్టవుతుందేమోనని కొట్టంలోకి వెళ్ళి వచ్చాను.

(దుర్గయ్య చెప్పకుండా నేనే రాస్తున్నాను. వాడు కొట్టంలో చాలాసేపు ఉన్నాడు. బర్రెలు బెదిరి అరిచాయి. ఇంకొక సంగతి. "నీకెందుకయ్యా అన్ని మాటలు, నేను రాస్తాను, నువ్వు వేలిముద్ర వెయ్యి" అని నిన్న నేను వాడితో అన్నాను. వాడు నన్ను ఒక చూపు చూశాడు. నలభై ఏళ్ళు పిల్లలకు ఈ మాటలకు అర్థాలు చెప్పినవాణ్ణి, నా నోట్లోంచి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. వాడికి సంతకం వస్తుంది. – వే.)

సారు సంగతి వదలను.

దుర్గయ్య


జల్‌పల్లి,
22 అక్టోబరు 1978.

దుర్గయ్యా,

ఈ ఉత్తరం పంతులు గారి చేత చదివించుకోకు. కూడబలుక్కునైనా నువ్వే చదువు. అందుకే గుండ్రంగా, పెద్ద అక్షరాలు రాస్తున్నాను.

పోయిన ఆదివారం రఘునాథ్ సారు మా ఇంటికి వచ్చారు, పరామర్శకు. ఇన్నాళ్ళూ తీరిక దొరకలేదట. సంచినిండా బత్తాయిలు తెచ్చారు. నేను పెరట్లో ఉన్నాను. మీ అక్క తలుపు తీసింది. ఆయన చెప్పులు వదిలి, గొంతు తగ్గించి, "పోయిందెవరమ్మా?" అని అడిగారు.

"ఎవ్వరు పోలే సార్. పేలు పోయినయి, గంతే" అంది మీ అక్క.

నేను వచ్చేసరికి మొత్తం చెప్పేసింది. పేలు, గుండు, కత్తెర, మామ అలక. నాతో నాలుగు నెలలుగా మాట్లాడని మనిషి ఆయనతో ఒక్క నిమిషం ఆపకుండా మాట్లాడింది. ఇక నేను ఎదురుగా నిలబడి చెప్పాల్సి వచ్చింది. "సార్, ఆ రోజు ఆవును తోలుకొచ్చింది మా బామ్మర్ది. చంద్రమ్మ తోడబుట్టినోడు. మీరడిగితే చెప్పలే. తప్పయింది" అన్నాను. నీ షరతు అట్లా తీరింది. ఉత్తరం ఇక్కడితో ఆపొచ్చు. కాని ఆపను.

సారు నవ్వారు. "నాకు తెలుసులేవోయ్ బాబురావూ. మీ ఆవిడ ఆ రోజే నాకు ప్రసాదం పెడుతూ మా తమ్ముడని చెప్పింది. నువ్వు చెప్పుకోలేకపోతున్నావని నేనే ఊరుకున్నాను" అన్నారు. లేచి నా భుజం తట్టారు. "ఇందులో సిగ్గుపడేదేముంది? మీవాళ్ళలో ఇంతవరకు చదువుకుని రావడమే గొప్ప. నిన్ను చూసి నేను ఎప్పుడూ సంతోషిస్తాను" అన్నారు.

చాలా మంచి మాట. ప్రేమగా అన్నారు. నేను చేతులు కట్టుకుని, మీ దయ సార్ అన్నాను. ఆయన బస్సెక్కేదాకా తోడు వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఇల్లు ఎంతకూ రాలేదు. ఆయన నన్ను తిట్టలేదు, నవ్వులాటకు అనలేదు, తీసిపారేయలేదు. బత్తాయిలు కూడా తియ్యగానే ఉన్నాయి. అయినా ఎవరో నా తల మీద చేయి పెట్టి, నువ్వు ఇంతే ఎత్తు, ఇక్కడే ఆగు అన్నట్టుంది. దీనికి పేరేమిటని నిఘంటువు తిప్పాను. దొరకలేదు. ఎవరికి చెప్పను? ఇశ్రాయేలుకు చెబితే ప్రార్థన చేస్తాడు. నువ్వు ఒక్కడివే అర్థం చేసుకుంటావనిపించింది. ఆవును తోలుకుని వెనక్కి నడిచినవాడివి నువ్వే కదా.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీ అత్తగారివాళ్ళు ఏం చేస్తారని నన్ను సారు అడిగితే, మెదక్ వైపు భూములున్నాయి సార్ అన్నాను. మా నాయన ఏం చేసేవాడంటే వ్యవసాయం అన్నాను. మా నాయన కూడా నెత్తిన పాల తపేలా పెట్టుకుని తిరిగినవాడేనని నీకు తెలుసు. పదేళ్ళుగా ఆ అబద్ధాన్ని మేపుతున్నాను. ఆ పొద్దున సారు అడిగేసరికి నువ్వు కనబడలేదు, అబద్ధమే కనబడింది. దుర్గయ్యా, నిన్ను చులకన చేయడానికి అనలేదు. నాకు నామోషీ అయింది. నీ వల్ల అనుకున్నాను అప్పుడు. నా వల్లే.

షరతు కోసం రాయలేదు ఇదంతా. నువ్వు రాకపోయినా, ఒకరికి చెప్పానన్న తృప్తి ఉంటుంది. వస్తే రాజమణికి సంతోషం. నాకు ఎంత సంతోషమో రాయడానికి చేతకావడం లేదు.

నీ బావ


గౌలిపుర,
2 నవంబర్ 1978.

బావా,

ఇది నా సొంత రాత. పంతులును ఇంటికి రానియ్యలే. నీ చిట్టీ రెండు రోజులు కూడబలుక్కొని చదివిన. "మేపుతున్నాను" కాడ కొంచెం ఆగిన. అబద్ధాన్ని గూడ మేపొచ్చు అని నాకు ఇప్పుడే తెలిసింది.

సారు నీకు చేసిందాని పేరు నాకు తెల్వది. గని నువ్వు నాకు చేసింది, సారు నీకు చేసింది ఒక్కటి కాదు బావా. గాయన పైకెల్లి కిందికి చూసిండు. గట్ల చూసెటోళ్ళు దిగరు, ఆళ్ళకు దిగాలె అని గూడ తెల్వది. నువ్వు పక్కకు చూసినవ్. మెడ తిప్పితె అయిపోతది. తిప్పినవ్ గదా, ఇంగ ఫికర్ చెయ్యకు.

వచ్చే శుక్రవారం నేను, సక్కుబాయి వస్తం. ఆడికెల్లి అందరం కొమురెల్లి మల్లన్న కాడికి పోదం. కత్తెర నేనే తెస్త. నీ దగ్గరున్నది తీస్కరాకు, అండ్ల ఏముంటదో నమ్మకం లేదు. గుడి మెట్ల మీద నిన్ను, రాజమణిని పక్కపక్కన కూసోబెడత. నీ గుండు, మీసం మల్ల గొరిగిపిస్త, రెండు గుండ్లు. ఎవలది పుట్టువెంట్రుకలు అని అందరిని అడుగుత. నీ దిక్కే చెయ్యి చూపిస్తరు, ఎందుకంటె రాజమణి ఏడువది, నువ్వే ఏడుస్తవ్. మీసం లేకుంట నీ మొకం ఎట్లుంటదో నేనింక చూడలే. అక్క చెప్పింది, ఈనిన బర్రె మొకం లెక్క ఉన్నదట. గిది ఎగతాళి. నీ భుజం మీద చెయ్యేసుకొని అంటున్ననని అనుకో.

ఒక మాట చెప్పాలె. నేను ఒట్టు పెట్టుకొని ఇంటికొచ్చిన నాడు సక్కుబాయి అన్నం తినలే. నేను బుజ్జగించిన, తిట్టిన, అయినా తినలే. ఆఖరికి ఒక్క మాటన్నది. "మనకు పిల్లల్లేరు. ఆ పిల్ల నీ ఒడిల కూసోకుంటె ఇంగెవలు కూసుంటరు?" అన్నది. ఇన్ని చిట్టీలు రాపిచ్చిన గని, గా మాట మాత్రం పంతులుతోని రాపియ్యలే. గది నువ్వు తప్ప ఎవ్వరు చదువొద్దు అనుకున్న.

నీ బామ్మర్ది
దుర్గయ్య